శీతకాలపు పూలతోట – మొక్కల ఎంపిక

తోట అనగానే వసంతాన్ని స్మరించడం మన కవుల సంప్రదాయం. కాని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో పూలతోట నిండుగా శోభించేది చలికాలంలోనే. ఐరోపా ఉద్యాన గ్రంథాలలో శీతకాలమంటే మంచు కప్పిన నేల, ఆకురాల్చిన కొమ్మ. అక్కడి తోటమాలి చలికి తట్టుకొనే మొక్కను వెదకుతాడు. మన ప్రాంతంలో చలి మొక్కకు మిత్రమే; దానిని పరీక్షించేది తరువాత వచ్చే ఎండ. కావున మొక్కను ఎన్నుకొనేటప్పుడు “డిసెంబరులో పూస్తుందా?” అని అడిగిన పిమ్మట, “ఏప్రిల్‌లో బ్రతుకుతుందా?” అనికూడా అడగాలని మా అభిప్రాయం.

శీతకాలపు పూలలో అగ్రస్థానం చేమంతిది. ఉర్దూలో దీనిని గులే దావూదీ అంటారు. పగటి నిడివి పూతను నిర్ణయిస్తుందని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా మొక్కల ద్వారా నిరూపించారు. చేమంతి హ్రస్వదీప్తికాల మొక్క. రాత్రులు దీర్ఘమైనప్పుడే మొగ్గ తొడుగుతుంది. అందుచేత రాత్రంతా వెలిగే దీపం క్రింద కుండీని ఉంచితే పూత ఆలస్యమవుతుంది. ఎరువు చాలలేదని తలచి మరింత ఎరువు వేయడం వృథా. కుండీని చీకటి చోటికి మార్చడమే మందు.

బంతి ఒక్క ఋతువు మొక్క. సెప్టెంబరులో విత్తనం చల్లి, నెలనాటి నారును పాదులలో నాటి, చిగురు ఒకసారి త్రుంచితే కొమ్మలు పెరిగి, చలికాలమంతా విరివిగా పూస్తుంది.

ఏండ్ల తరబడి నిలిచేవాటిలో డిసెంబరు పూలు, కాగడా మల్లె, కాగితపు పూల తీగ ముఖ్యమైనవి. వేళ్ళూనిన కాగితపు పూల తీగకు నీరు తగ్గిస్తేనే పూలు ఎక్కువ. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడును ప్రహరీ వెంబడి నాటవచ్చు. చలకనేలలో అది స్వల్ప నీటితో పెరుగుతుంది. గులాబీకి మాత్రం శ్రద్ధ కావాలి. అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే సుమారు ఏడు వారాలకు పూలు వస్తాయి. పాదులో నీరు నిలువరాదు. కావున నల్లరేగడిలో మడిని ఎత్తుగా కట్టాలి. గులాబీ అనే మాటకు మూలం పారసీకపు ‘గులాబ్’. దానికి అసలు అర్థం పన్నీరు.

వార్షికోత్సవం ముందు పూచిన కుండీలను కొని వరుసగా అమర్చడం అనేక విద్యాసంస్థలలో చూస్తున్నాము. వేసవి సెలవులు ముగిసేనాటికి మట్టికుండీలే మిగులుతాయి. దోషం మొక్కది కాదు, కాలం తప్పిన కొనుగోలుది. జూరాల కాలువలు గద్వాల, వనపర్తి పొలాలకు నీరందించినా, కళాశాల ఆవరణకు ఆ నీరు రాదు. అందువలన చలికాలపు తోటకు పని తొలకరిలోనే ప్రారంభం కావాలి. చేమంతి పిలకలను, డిసెంబరు పూల కొమ్మలను జూన్, జూలైలలో నాటుకుంటే ఖర్చు స్వల్పం. పూత ముగిసిన చేమంతిని పారవేయక, కాడలు కోసి, కుండీలను వేపచెట్టు నీడకు చేర్చి, ఎండుటాకులు కప్పి, వేసవిలో తడి ఆరకుండా చూస్తే మరుసటి ఏటికి పిలకలు మనవే.

కళాశాల సంఘంవారు మొక్కలకు కేటాయించే సొమ్మును జూన్‌లోనే మంజూరు చేయాలనీ, సెలవులలో నీరు పోసే బాధ్యతను ఒకరికి నియమించాలనీ మా విన్నపం. విద్యార్థులారా! ఒక్కొక్క తరగతి ఒక్కొక్క మడిని స్వీకరించండి. మీరు ఉత్తీర్ణులై వెళ్ళిన పిదప చేరే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ పూలే మీ స్వాగతం కాగలవు.