కనబడని పక్షికి అటెండెన్స్ ఎలా వేస్తారు?

వేల్స్ దేశపు నైరుతి కొసన, పెంబ్రోక్‌షైర్ తీరానికి మైలు దూరం కూడా లేని చోట స్కోమర్ అనే దీవి ఉంది. మొత్తం సుమారు 3 చదరపు కిలోమీటర్లు. మన కాలేజీలోనే బీటెక్ చేసి ఇప్పుడు కార్డిఫ్‌లో ఎమ్మెస్ చదువుతున్న నేను, మొన్న జూన్‌లో అక్కడి రక్షిత ప్రాంతంలో రెండు రాత్రులు ఉన్నాను. పక్షుల ఫోటోలు మీకు ఇన్‌స్టాలో కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే: వీటిని లెక్కపెడుతున్నదెలా?

స్కోమర్‌లో మాంక్స్ షియర్‌వాటర్ అనే పక్షులు 2018 సర్వే ప్రకారం దాదాపు 3.5 లక్షల జతలున్నాయి. (ఈ పక్షులకి తెలుగు పేర్లు లేవు. మన తీరానికి రానివాటికి మనవాళ్ళెందుకు పేరు పెడతారు!) పగలు దీవంతా తిరిగినా ఒక్కటీ కనబడదు. సగం సముద్రం మీద ఉంటాయి, మిగతా సగం నేలలో బొరియల్లో గుడ్డు మీద కూర్చుంటాయి. కాళ్ళు మరీ వెనక్కి ఉండటంతో నేల మీద సరిగ్గా నడవలేవు, పెద్ద గల్ పక్షులకి దొరికిపోతాయి. అందుకే చీకటి పడ్డాకే ఇంటికొస్తాయి. ఆ రాత్రి వినాల్సిందే: గొంతు పట్టేసిన కోడిపుంజులు వేలకొద్దీ ఒకేసారి కూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

లెక్క మాత్రం పగలే. బొరియ మూతి దగ్గర రికార్డు చేసిన షియర్‌వాటర్ కూత వినిపిస్తారు. లోపల పక్షి ఉంటే జవాబిస్తుంది. అచ్చం మన అటెండెన్సే, కాకపోతే ఇక్కడ ప్రాక్సీలు ఉండవు. పైగా సమస్య తిరగబడింది: లోపల ఉండి కూడా పలకనివాళ్ళు ఎక్కువ. మగ పక్షి కూత పెడితే ప్రధానంగా మగవే పలుకుతాయి. భార్యాభర్తలు వంతులేసుకుని పొదుగుతాయి కాబట్టి, ఆ రోజు ఆడపక్షి డ్యూటీలో ఉంటే బొరియ ఖాళీ అనిపిస్తుంది. ఈమధ్య మగ, ఆడ కూతలు రెండూ కలిపి వినిపిస్తున్నారు, జవాబులు పెరిగాయి.

అప్పటికీ అన్నీ పలకవు. అందుకని కొన్ని బొరియలకి గుర్తులు పెట్టి, వాటి దగ్గరే రోజూ కూత వినిపిస్తారు. కొత్తగా పలికేవి ఇక లేవనిపించేదాకా అలా సాగుతుంది. దాన్నిబట్టి ఒక్కసారి పిలిస్తే ఎన్నోవంతు పలుకుతాయో తేలుతుంది. ఇది మన ల్యాబ్‌లో చేసే క్యాలిబ్రేషనే. ఊరికే ఒక లెక్క చూడండి. ఆ వంతు 0.40 అనుకుందాం. ఇంకోచోట 60 జవాబులొస్తే 60ని 0.40తో భాగించి 150 జతలంటాం. అసలు వంతు 0.35 అయితే అవే 60 జవాబులకి 171 జతలు. పక్షి ఒక్కటీ పెరగలేదు, మన గుణకం మారిందంతే. దీన్ని దీవి మొత్తానికి విస్తరించినప్పుడు తేడా వేలల్లోకి పోతుంది. అందుకే పాత సర్వేలో గుణకం ఎలా తీశారో చూడకుండా "పెరిగాయి, తగ్గాయి" అనేవాళ్ళని నేను నమ్మను.

సీళ్ళతో తిప్పలు ఇంకో రకం. దీవి ఉత్తరపు కొసన గార్లండ్ స్టోన్ ఎదురుగా కూర్చుంటే, పోటు తగ్గినప్పుడు గ్రే సీళ్ళు బండల మీద బస్తాలు పడేసినట్టు పడుంటాయి. నేను పదకొండు లెక్కపెట్టాను. పది నిమిషాలకి ఏడు. మిగిలినవి నీళ్ళలో ఉన్నాయా, వెళ్ళిపోయాయా? పైనుంచి చూసేవాడికి తెలిసే దారి లేదు. కాబట్టి పెద్దవాటిని వదిలేసి పిల్లల్ని లెక్కిస్తారు. శరదృతువులో పుట్టే ఆ తెల్లబొచ్చు పిల్లలు సుమారు మూడు వారాలు ఒడ్డునే ఉంటాయి. తల్లిపాలలో సగానికి పైగా కొవ్వే, అందుకే అంత త్వరగా బలుస్తాయి. అన్నీ ఒకేసారి పుట్టవు కాబట్టి చాలాసార్లు వెళ్ళి లెక్కించాలి, ఒకదాన్నే రెండుసార్లు లెక్కేయకుండా రంగు గుర్తు వేస్తారు. ఆడ సీళ్ళ మెడ మీది మచ్చలు మనిషికి వేలిముద్రల్లాంటివి. ఇక్కడ ఫోటోలో దొరికిన సీల్ కార్న్‌వాల్ ఫోటోల్లో కూడా దొరికిన సందర్భాలున్నాయి. ఇమేజ్ ప్రాసెసింగ్ ప్రాజెక్ట్ కోసం వెతుక్కుంటున్నవాళ్ళు ఈ వైపు చూడొచ్చు.

ఇంత కష్టం ఎందుకయ్యా అంటే, గిల్లెమాట్ల కథ చెప్పాలి. నలుపు తెలుపు పక్షి, గూడు కట్టదు, కొండచరియ అంచున వట్టి రాయి మీద ఒకే గుడ్డు పెడుతుంది. 1930లలో స్కోమర్‌లో ఇవి లక్ష దాకా ఉండేవని పాత ఫోటోలని బట్టి అంచనా. షెఫీల్డ్ యూనివర్సిటీకి చెందిన టిమ్ బర్క్‌హెడ్ 1972లో అధ్యయనం మొదలుపెట్టేనాటికి రెండు వేల జతలు మిగిలాయి. రెండో ప్రపంచయుద్ధంలో మునిగిన ఓడల చమురు దీనికి పెద్ద కారణమంటారు. ఆయన తలలు లెక్కించి ఊరుకోలేదు, కాళ్ళకి రింగులు తొడిగి ఏ పక్షి ఏ ఏడు తిరిగొచ్చిందో రాస్తూ పోయారు. ఎందుకంటే గిల్లెమాట్ చాలా ఏళ్ళు బతుకుతుంది, ఐదారేళ్ళు దాటితేగాని గుడ్డు పెట్టదు. పిల్లలు వరసగా చచ్చిపోతున్నా చరియ మీద పెద్దలు కొన్నేళ్ళపాటు నిండుగానే కనిపిస్తాయి. తలల లెక్క ఆ కబురు ఆలస్యంగా చెబుతుంది, రింగు ముందే చెబుతుంది.

నలభై ఏళ్ళు గడిచాక, సంఖ్య మళ్ళీ వేలల్లో పెరిగాక, ఆ పనికి వస్తున్న ప్రభుత్వ డబ్బు ఆగిపోయింది. సరిగ్గా ఆ తర్వాతే 2014 తొలి నెలల్లో అట్లాంటిక్ తుఫాన్లు వరసగా వచ్చాయి. ఐరోపా పడమటి తీరాల్లో 50 వేలకి పైగా సముద్రపక్షులు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఒడ్డుకి వచ్చిన శవాలు సరే, స్కోమర్ పక్షుల్లో ఎన్ని పోయాయి? దానికి జవాబు ఆ రింగుల పుస్తకంలోనే ఉంది, సరిగ్గా ఆ ఏడే పుస్తకం మూతబడబోయింది. బర్క్‌హెడ్ జనం దగ్గర విరాళాలు పోగుచేసి కొనసాగించారు. ప్రాజెక్టుకి మూడేళ్ళ గడువు, మూడు పేపర్లు అనే మన లెక్క ఇలాంటి పనికి అసలు సరిపోదని నా అభిప్రాయం.

స్కోమర్‌కి పడమరగా గ్రాస్‌హోమ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి గానెట్ పక్షుల్ని 2022లో లెక్కించారు. తర్వాత బర్డ్ ఫ్లూ వచ్చింది. 2023లో మళ్ళీ లెక్కిస్తే సగానికి పైగా తగ్గాయి. ముందటేడు అంకె లేకపోతే "కాస్త పలచబడినట్టుంది" అనేసి ఊరుకునేవాళ్ళం.

ఇటువైపు చదువుకి వచ్చేవాళ్ళకి: పడవ మార్టిన్స్ హేవెన్ నుంచి బయల్దేరుతుంది, రోజుకి మందిని పరిమితంగానే తీసుకెళతారు, టికెట్ ముందే చూసుకోండి. పఫిన్లు కావాలంటే మే నుంచి జులై మొదటివారాల్లోపు వెళ్ళాలి, నెలాఖరుకి దాదాపు అన్నీ సముద్రానికి వెళ్ళిపోతాయి. షియర్‌వాటర్ల కోసం రాత్రి అక్కడే ఉండాలి, అదీ వెన్నెల లేని రాత్రి. దారి దాటి అడుగు వేయొద్దు, కింద బొరియలుంటాయి. బ్యాగ్ ఓసారి పూర్తిగా దులుపుకోండి. ఈ దీవిలో ఎలుకలు లేవు, ఒక్క జత చేరినా బొరియల్లోని గుడ్లు మిగలవు.