శాలిహుండం కొండమీద

సంక్రాంతి పండుగకు విశాఖపట్టణం నుండి శ్రీకాకుళం వచ్చిన ఆ కుటుంబం కనుమనాడే శాలిహుండం వెళ్ళాలని నిశ్చయించుకొంది. "కనుమనాడు కాకైనా కదలదు" అని మామ్మ అడ్డుచెప్పడంతో ప్రయాణం ముక్కనుమకు వాయిదా పడింది. మరునాటి ఉదయం తాతగారు, తల్లిదండ్రులు, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న అక్క, ఆరో తరగతి చదువుతున్న తమ్ముడు బయలుదేరారు. మామ్మ పులిహోర, పొంగడాలు, అరిసెలు డబ్బాలకెత్తి ఇచ్చింది. తాను మాత్రం "ఆ ఇటుకల్లో చూసేదేముంది?" అంటూ ఇంటనే ఉండిపోయింది.

శాలిహుండం శ్రీకాకుళానికి పదిమైళ్ళ దూరంలో, గార మండలంలో, వంశధారానదికి దక్షిణపు ఒడ్డున ఉన్న చిన్న గ్రామం. దారి పొడవునా వరికోతలు ముగిసిన మళ్ళలో పెసర, మినుము మొలకలు పచ్చగా కనిపించాయి. శాలి అంటే వరి. ధాన్యం నిలువచేసిన చోటు కనుక ఈ ఊరిని పూర్వం శాలివాటిక అన్నారని కొందరు చెబుతారు. శల్యం అంటే ఎముక. ధాతువులను భద్రపరచిన చోటు కనుక శల్యపేటిక అన్నారని మరికొందరు చెబుతారు. చుట్టూ ఉన్న పొలాలను చూస్తే మొదటి మాట నిజమనిపిస్తుంది. కొండ ఎక్కి స్తూపాలను చూస్తే రెండవ మాటను తోసివేయడం కష్టమవుతుంది.

కొండ పెద్ద ఎత్తయినదేమీ కాదు. అయినా తాతగారు దారిలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకొన్నారు. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. పైకి చేరేసరికి గాలి చల్లగా వీచింది. దిగువన వంశధార ఇసుకతిన్నెల నడుమ సన్నగా పారుతున్నది. ఒడిశా కొండలలో పుట్టిన ఆ నది ఇక్కడికి సమీపంలోని కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. తూర్పున ఆ సముద్రం నీలిగీతవలె తోచింది. అదే నది వెంట ఎగువకు వెళితే శ్రీముఖలింగం వస్తుంది. తూర్పుగాంగ రాజుల రాజధాని అయిన కళింగనగరం అదే. ఎగువన రాజధాని, దిగువన రేవు, నడుమ ఈ కొండ. తాతగారు చేతికర్రతో ఆ మూడింటినీ చూపించారు. ఆంగ్లేయుల కాలంలో ఈ తీరపు రేవుల నుండి వేలాదిమంది కూలిపనులకు ఓడలెక్కి రంగూను వెళ్ళిన సంగతి కూడా చెప్పారు.

"మరి ఈ కొండను ఎవరు కనుగొన్నారు తాతయ్యా?" అని అక్క అడిగింది.

"నీ తెలుగు పుస్తకంలో ఆయన పేరు ఉంటుందమ్మా. గిడుగు రామమూర్తి పంతులుగారు."

గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేస్తూనే ముఖలింగ దేవాలయాల శాసనాలను స్వయంకృషితో చదవడం నేర్చుకొన్నారు. సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. శాలిహుండం కొండమీద బౌద్ధ శిథిలాలున్నాయని 1919లో తొలిసారిగా లోకానికి తెలియజేసినవారు ఆయనే. ఆ రోజుల్లోనే ఆయన వ్యావహారిక భాష కోసం 'తెలుగు' అనే మాసపత్రికను కూడా నడిపారు. నేటి పాఠ్యపుస్తకాలు గ్రాంథికం విడిచి ఈ భాషలో ఉండటానికి ఆయన చేసిన పోరాటమే ప్రధాన కారణం. శాసనమైనా, సవర పాటయినా, పల్లెటూరి మాటయినా ఆయన ఒకే శ్రద్ధతో విన్నారు. అటువంటి మనిషి కంటికి ఇటుకదిబ్బ కేవలం ఇటుకదిబ్బగా కనిపించకపోవడంలో వింత లేదు.

తరువాత 1940వ దశకంలోనూ, మళ్ళీ 1953-54లోనూ పురావస్తు శాఖవారు ఇక్కడ తవ్వకాలు జరిపారు. స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువులు నివసించిన విహారాలు, ధాతుకరండాలు వెలుగుచూశాయి. చైత్యాలలో కొన్నింటి వెనుకభాగం ఏనుగు వీపువలె గుండ్రంగా ఉంటుంది. వాటిని గజపృష్ఠాకార చైత్యాలంటారు. క్రీస్తుశకపు తొలి శతాబ్దాల నుండి సుమారు 12వ శతాబ్దం వరకు ఇక్కడ బౌద్ధం నిలిచింది. మొదట థేరవాదం, పిదప మహాయానం, చివరకు వజ్రయానం. తారాదేవి, మారీచి విగ్రహాలు ఆ చివరి దశకు చెందినవి. మారీచి ముఖాలలో ఒకటి వరాహముఖమని విని తమ్ముడు ఆశ్చర్యపోయాడు.

ఒక స్తూపం నీడన కూర్చుని అందరూ పులిహోర తింటున్నప్పుడు అక్క మరొక సందేహం వెలిబుచ్చింది. "ఇన్ని వందల ఏళ్ళని ఎలా చెప్పగలిగారు? కట్టించిన రాజు తేదీ వేయించాడా?"

"రాజులు వేయించిన తేదీలు ఇటువంటిచోట్ల దొరకడం అరుదమ్మా. కుండలు చెప్పాయి," అన్నారు తాతగారు.

ఆ మాట అందరికీ వింతగా తోచింది. ఆయన వివరించారు. కుండ పగిలితే పెంకును ఎవరూ దాచుకోరు. పడినచోటనే మట్టిలో కలిసిపోతుంది. దానిపై మరొక పొర, ఆపై ఇంకొకటి పేరుకొంటాయి. తవ్వేటప్పుడు ఏ పొరలో ఏ పెంకు ఉందో రాసుకొంటే ఆ పొరల వయస్సు తెలుస్తుంది. శాలిహుండంలో బ్రాహ్మీలిపి అక్షరాలు గీసిన పెంకులు దొరికాయి. అక్షరాల ఆకృతి శతాబ్దానికొక తీరున మారుతుంది కనుక అవి కాలాన్ని పట్టియిచ్చాయి. పళ్ళచక్రం వంటి పనిముట్టుతో అడుగున చుక్కల వలయాలు నొక్కిన నునుపైన పళ్ళేల ముక్కలు కూడా ఇక్కడ లభించాయి. అటువంటివే పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో రోమను వస్తువులతోపాటు బయటపడ్డాయి. సముద్రాలు దాటి బాలిద్వీపంలోని సెంబిరాన్‌లోనూ దొరికాయి. కళింగ తీరపు ఓడలు ఎంతదూరం వెళ్ళాయో చెప్పడానికి కావ్యాలకంటె ఆ పెంకులే గట్టి సాక్షులు.

తమ్ముడు తినడం ఆపేశాడు. కొంతసేపటికి జేబులోంచి ఒక ఎర్రటి పెంకు తీసి తాతగారి ముందుంచాడు. అది అరచేతిలో సగం కూడా లేదు. దానిమీద రెండు మూడు గీతలున్నాయి.

"ఎక్కడిది నాయనా?"

"ఎక్కుతుంటే దొరికింది. స్నేహితులకు చూపించాలని..."

తండ్రి దానిని ఎండలో తిప్పి చూశారు. "ఏముంది, చిన్న ముక్క. ఇక్కడే ఉంటే ఎవరో ఒకరి కాళ్ళకింద నలిగిపోతుంది. ఇంట్లో అద్దాల బీరువాలో భద్రంగా ఉంటుంది గదా," అన్నారు. తల్లికీ ఆ మాట సబబుగానే తోచింది.

"అమరావతిలోనూ అలాగే అనుకొన్నారు," అన్నారు తాతగారు. 1797లో మెకంజీ దొర అమరావతి చూసేనాటికే అక్కడి స్తూపపు రాళ్ళను కట్టడాలకు తీసుకుపోతున్నారు. కొన్ని పాలరాతి పలకలను కాల్చి సున్నం చేశారు. మిగిలిన శిల్పాలలో పెక్కు నేడు చెన్నై, లండన్ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. అవి అక్కడ భద్రంగానే ఉన్నాయి. కాని స్తూపంలో ఏ పలక ఏ చోట ఉండేదో నిర్ణయించడానికి పండితులు నేటికీ శ్రమిస్తున్నారు. "పలక మిగిలింది, చోటు పోయింది. పైగా ఈ కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి చట్టం ప్రకారం ఇక్కడినుండి పెంకు తీసుకుపోవడం కూడా తప్పే."

తండ్రి ఇంకేమీ అనలేదు. పెంకును తిరిగి కొడుకు చేతిలో పెట్టారు.

"ఇవి అక్షరాలేనా తాతయ్యా?" అన్నాడు తమ్ముడు.

తాతగారు కళ్ళజోడు సరిచేసుకొని చాలాసేపు చూశారు. "కుమ్మరి గోటి గీతలు కావచ్చు. నాగలి గీసినవి కావచ్చు. చదవగలిగినవారు చూడాలి."

అందరూ కాపలాదారు దగ్గరకు వెళ్ళారు. అతడు కోప్పడలేదు. పెంకు తీసుకొని, "ఎక్కడ దొరికింది బాబూ?" అని మాత్రం అడిగాడు.

తమ్ముడు ఉత్సాహంగా ముందు నడిచాడు. దారికి ఎడమవైపున వాననీటికి కోసుకుపోయిన ఒక గండి చూపి "ఇక్కడే" అన్నాడు. నాలుగు అడుగులు దిగి మరొక గండి కనబడగానే ఆగిపోయాడు. అక్కడా ఎర్రమట్టే, అక్కడా ఇటుకముక్కలే. మళ్ళీ పైకి వెళ్ళాడు, మళ్ళీ దిగాడు. చెప్పు జారి చేయి ఆనించినప్పుడు పెంకు తగిలిందని గుర్తుంది గాని ఏ గండిలో జారాడో గుర్తులేదు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల్లి దగ్గరకు తీసుకొని వాడి మోకాలికంటిన మట్టి దులపబోయింది. తాతగారు వద్దని వారించి, వంగి ఆ మట్టి రంగును రెండు గండ్ల మట్టితోనూ పోల్చి చూశారు. తేడా తెలియలేదు.

కాపలాదారు పెంకును కాగితంలో చుట్టి, ఏదైనా రాసి ఇమ్మన్నాడు. అక్క తన సంచిలోని కలం తీసింది. తేదీ వేసి, "కొండ ఎక్కే దారిలో, ఎడమవైపు, పై గండి" అని రాసి తమ్ముడి ముఖం చూసింది. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆ మాటకు పక్కన "లేదా కింది గండి" అని చేర్చి, చివర ప్రశ్నార్థకం పెట్టింది.