నడుద్దాం రండి

ఈ పాఠం నడక గురించి, ఆరుబయట గాలి గురించి. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖపట్నంలో జనం ఒంటి బాగు కోసం ఏం చేస్తున్నారో ముందు చదువుదాం. కృష్ణ ఒడ్డున ఉన్న మన తుళ్లూరు పల్లెల్లో మనం ఏం చెయ్యగలమో తర్వాత ఆలోచిద్దాం.

పొలం పని చాలదా?

నడక అనగానే మీలో చాలామంది ఒక మాట అంటారు. "పొద్దస్తమానం పొలంలో ఒళ్లు వంచుతాం. మాకు మళ్లీ నడకెందుకమ్మా? అది కూర్చుని తినేవాళ్లకి కదా!"

ఈ మాటలో నిజం ఉంది. పొలం పని కూడా శ్రమే. అది ఒంటికి లెక్కలోకి వస్తుంది. కానీ మిరప కోత ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నడుం వంచే ఉంటాం. పైన ఎండ. ముక్కులోకి ఘాటు. పత్తి తీసేటప్పుడు ఒడి బరువంతా నడుం మీద పడుతుంది. నడుం ఒక్కటే అరిగిపోతుంది. మిగిలిన ఒళ్లు బిగుసుకుపోతుంది. ఊపిరి నిండా మంచి గాలి అందదు.

ఇంకో సంగతి. పత్తి తీతలు, మిరప కోతలు ఏడాది పొడుగునా ఉండవు. పైగా 2015లో రాజధాని కోసం మన చుట్టుపక్కల రైతులు భూములు ఇచ్చారు. అప్పట్నుంచి చాలామంది ఆడకూలీలకి ఊళ్లో పొలం పని తగ్గింది. కొందరు ఆటోల్లో దూరం ఊళ్లకి పోయి కూలి చేస్తున్నారు. కొందరు ఇంటిపట్టునే ఉంటున్నారు. ఒంటికి పని తగ్గింది, తిండి మాత్రం మారలేదు. అట్లాంటప్పుడే షుగరు, బీపీ వచ్చే భయం ఎక్కువ.

నడకలో నడుం నిటారుగా ఉంటుంది. చేతులు ఆడతాయి. కాళ్లు ఆడతాయి. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. నెత్తిన మోపు ఉండదు, వెనక మేస్త్రి కేక ఉండదు. ఆ అరగంట మన కోసం మనం నడిచే నడక.

విశాఖలో ఏం చేస్తారు?

విశాఖపట్నానికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. రామకృష్ణా బీచి దగ్గర తెల్లవారకముందే జనం చేరతారు. ముసలివాళ్లు, పడుచువాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ నడుస్తారు. కొందరు పరుగెత్తుతారు. కొందరు యోగాసనాలు వేస్తారు. పిల్లలు ఇసకలో బంతి ఆడతారు. సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తుంటే చూస్తూ నడుస్తారు. దీనికి టికెట్టు లేదు.

2025 జూన్ 21న, అంటే యోగా దినం నాడు, ఈ బీచి నుంచి భోగాపురం దాకా సుమారు 26 కిలోమీటర్ల పొడుగునా జనం బారులు తీరి కూర్చున్నారు. సుమారు 3 లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు.

కొండలు ఎక్కేవాళ్లు కూడా ఉన్నారు. సముద్రం పక్కనే కైలాసగిరి ఉంది. రోప్‌వే మీదా పోవచ్చు, మెట్ల దారిలో నడిచీ ఎక్కవచ్చు. ఊరికి ఆనుకునే కంబాలకొండ అడవి ఉంది. అది జంతువులకి రక్షణ ఉన్న అడవి. అక్కడ చిరుతలు కూడా ఉన్నాయి. అందుకే అటవీ శాఖ వాళ్లు చూపించిన దారిలోనే నడవాలి. భీమిలి పోయే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. గాలీ నీరూ కలిసి వేల ఏళ్లపాటు ఆ దిబ్బలను చేశాయి.

సింహాచలం కొండ సంగతి మీరు వినే ఉంటారు. ఆషాఢ పున్నమికి అక్కడ గిరి ప్రదక్షిణ చేస్తారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ఎందరో ఆడవాళ్లు చెప్పులు లేకుండా అంత దూరం నడుస్తారు. మొక్కు కోసం 32 కిలోమీటర్లు నడవగలిగినవాళ్లం, మన ఒంటి కోసం రోజూ 2 కిలోమీటర్లు నడవలేమా?

సముద్రం గాలి చల్లగా ఎందుకుంటుంది?

పగలు ఎండకి నేల తొందరగా వేడెక్కుతుంది. నీళ్లు నిదానంగా వేడెక్కుతాయి. నేల మీది వేడి గాలి పైకి లేస్తుంది. ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లారుతుంది. అప్పుడు గాలి నేల వైపు నుంచి సముద్రం మీదికి పోతుంది.

నీటి దగ్గర జాగ్రత్త

మనకి దగ్గర సముద్రం బాపట్ల పక్కన సూర్యలంక. కార్తీక పున్నమికి మన ఊళ్ల నుంచి కూడా ఆడవాళ్లు స్నానానికి పోతారు. పోండి, సంతోషంగా పోండి. కానీ ఈ మాటలు మర్చిపోవద్దు.

1. ఒడ్డుకి వచ్చిన అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసకని లాగేస్తుంది. తడిసిన చీర కాళ్లకి చుట్టుకుంటుంది. పడితే లేవడం కష్టం. అందుకని లోపలికి పోవద్దు. ఒడ్డునే ఉండి నీళ్లు పోసుకోండి.
2. కాపలావాళ్లు వద్దన్న చోట దిగవద్దు. పిల్లల చెయ్యి వదలవద్దు.
3. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈత రానివాళ్లు దూకవద్దు. తాడు గానీ, మూత బిగించిన ఖాళీ డబ్బా గానీ విసరండి. కేకలు వెయ్యండి. 112 కి ఫోను చెయ్యండి.
4. కృష్ణలో ఇసక తవ్విన గుంటలు ఉంటాయి. పైకి నీళ్లు మోకాలి లోతే కనిపిస్తాయి. అడుగు వేస్తే మనిషి లోతు. తెలియని చోట దిగవద్దు.
5. ప్లాస్టిక్ సంచులు ఒడ్డున పారెయ్యవద్దు. మన తీరానికి సముద్రపు తాబేళ్లు వచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. నీళ్లలో తేలే సంచిని అవి తిండి అనుకుని మింగుతాయి. మింగి చచ్చిపోతాయి.

మన ఊళ్లో ఎక్కడ నడుద్దాం?

మనకి సముద్రం లేకపోతే ఏం? కృష్ణమ్మ ఉంది. రాయపూడి, బోరుపాలెం, ఉద్దండరాయునిపాలెం వాళ్లకి ఏటి ఒడ్డు దగ్గర. అనంతవరం వాళ్లకి కొండ ఉంది. మిగిలిన ఊళ్లవాళ్లకి చెరువు గట్టు, డొంక దారి, బడి ఆవరణ ఉన్నాయి. ఏదైనా సరే, నేల చదునుగా, నలుగురూ కనిపించే చోట ఉంటే చాలు.

ఇప్పుడు మన రోడ్ల మీద లారీలు, టిప్పర్లు తిరుగుతున్నాయి. రోడ్డు మీద నడవాల్సి వస్తే కుడి పక్కన నడవండి. ఎదురుగా వచ్చే బండి కంటికి కనిపిస్తుంది. చీకట్లో నడవవద్దు.

"నలుగురూ ఏమనుకుంటారు?"

అసలు అడ్డం ఇదే. మగవాడు పొద్దున్నే గట్టు మీద నడిస్తే "ఆరోగ్యం చూసుకుంటున్నాడు" అంటారు. ఆడమనిషి నడిస్తే "గాలి తిరుగుళ్లు" అంటారు. నీళ్లకి పోవచ్చు, కట్టెలకి పోవచ్చు, కూలికి పోవచ్చు. ఊరికే నడవడానికి మాత్రం పోకూడదు! ఇదేం న్యాయం?

దూబగుంట సంగతి గుర్తు తెచ్చుకోండి. అది నెల్లూరు జిల్లా ఊరు. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు మనలాగే చదువుల కేంద్రానికి వచ్చారు. పాఠం చదివారు. చదివినదాన్ని మాట్లాడుకున్నారు. అందరూ కలిసి ఊళ్లో సారా ఆపించారు. వాళ్లని చూసి ఎన్నో ఊళ్లు కదిలాయి. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్లని చూసి కూడా మొదట నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. ఒక్కరు పోతే నవ్వుతారు. పదిమంది పోతే దారి ఇస్తారు.

కేంద్రంలో పక్కన కూర్చునే వదినని పిలవండి. ఎదురింటి అత్తని పిలవండి. కోడలిని కూడా వెంట తీసుకుపోండి. ఆ అరగంట ఇంట్లో పొయ్యి దగ్గర మగవాళ్లని ఉండమనండి. టీ పెట్టుకోవడం పెద్ద విద్యేం కాదు.

ఎట్లా మొదలుపెట్టాలి?

మొదటి వారం రోజుకి 10 నిమిషాలు చాలు. తర్వాత వారం వారం కాస్త పెంచండి. 30 నిమిషాల దాకా రండి. మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడలేనంత ఆయాసం రావాలి. అదే సరైన వేగం. ఎండ ముదరకముందే నడవండి. నీళ్లు తాగండి.

షుగరు ఉన్నవాళ్లు చెప్పులు లేకుండా నడవవద్దు. ఇంటికి వచ్చాక పాదాలు చూసుకోండి. చిన్న పుండు అయినా వదిలెయ్యవద్దు. గుండెలో నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే వెంటనే ఆగండి. 108 కి ఫోను చెయ్యండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందుగా నర్సమ్మని అడిగి నడవండి.

లెక్క చేద్దాం

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోజుకి 30 నిమిషాలు నడిస్తే ఎన్ని రోజుల్లో 150 నిమిషాలు అవుతాయి?

30 నిమిషాల్లో 2 కిలోమీటర్లు నడుస్తాం అనుకుందాం. వారానికి 5 రోజులు నడిస్తే 4 వారాలకి ఎన్ని కిలోమీటర్లు? అది సింహాచలం గిరి ప్రదక్షిణ కంటే ఎక్కువా, తక్కువా?

కొత్త మాటలు చదవండి, రాయండి

ఆరోగ్యం - ప్రదక్షిణ - తీరం - తాబేలు - జాగ్రత్త - కిలోమీటరు

మాట్లాడుకుందాం

1. మిరప కోతకీ నడకకీ తేడా ఏమిటి?
2. మన ఊళ్లో ఆడవాళ్లు భయం లేకుండా నడవగలిగిన చోటు ఏది? లేకపోతే పంచాయతీని ఏం అడగాలి?
3. రేపు పొద్దున మీతో నడవడానికి వచ్చే ముగ్గురి పేర్లు మీ చేత్తో ఇక్కడ రాయండి.

..........................

..........................

..........................