కుక్కకు గజ్జి పడితే

కుక్క రాత్రంతా మన ఇంటికి కాపలా కాస్తుంది. పగలు మేకల వెంట పోతుంది. పిల్లలు దాని పక్కనే ఆడుకుంటారు.

ఒకనాడు అది గోక్కోవడం మొదలుపెడుతుంది. పగలూ గోకుడే, రాత్రీ గోకుడే. చెవుల అంచున వెంట్రుకలు ఊడిపోతాయి. తర్వాత మోచేతుల దగ్గర, పొట్ట కింద ఊడిపోతాయి. చర్మం ఎర్రబడుతుంది. పుండ్లు పడతాయి.

"ఛీ, గజ్జి కుక్క!" అంటాం. రాయి విసురుతాం.

గజ్జి ఎందుకు వస్తుంది?

గజ్జి ఒక పురుగు వల్ల వస్తుంది. అది మన కంటికి ఆనదు. ఆడ పురుగు చర్మాన్ని తొలిచి లోపల గుడ్లు పెడుతుంది. 2, 3 వారాల్లో ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు పెద్దవవుతాయి. అవీ గుడ్లు పెడతాయి. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుంటాయి.

గజ్జి కుక్కను ఎత్తుకుంటే పిల్లలకు కూడా దురద పొక్కులు లేస్తాయి. అయితే కుక్క పురుగు మన ఒంటి మీద ఎక్కువ రోజులు బతకదు. కుక్కకు నయమైతే పిల్లల దురద కూడా పోతుంది. పోకపోతే పిల్లలను డాక్టరుకు చూపించాలి.

ఏ మందు పూయాలి?

"అక్కా, లారీలో వాడి తీసేసిన ఆయిలు పూస్తే గజ్జి పోతుందట కదా?"

"వద్దు చెల్లీ. కుక్క ఒళ్లు నాక్కుంటుంది. ఆయిలు కడుపులోకి పోతుంది. అది విషం."

"పోనీ, చేనుకు కొట్టే పురుగుమందు?"

"అమ్మో! కుక్క చచ్చిపోతుంది. పూసిన నీ చేతికీ విషమే. దాన్ని ముట్టుకున్న నీ బిడ్డకూ విషమే."

"వేపాకు నీళ్లు?"

"పోయవచ్చు. ఒళ్లు శుభ్రమవుతుంది. కాని వాటితోనే గజ్జి పోదు. పశువుల ఆసుపత్రికి తీసుకుపో."

ఆసుపత్రిలో డాక్టరు చర్మాన్ని కొంచెం గీకి పరీక్ష చేస్తారు. ఎందుకంటే వెంట్రుకలు ఊడినదల్లా గజ్జి కాదు. తామర కావచ్చు. పిడుదులు పట్టి ఉండవచ్చు. దేని మందు దానికే.

కుక్క బరువును బట్టి మందు ఇస్తారు. మేకకు వాడగా మిగిలిన మందు కుక్కకు వేయకండి. మోతాదు మించితే ప్రాణం పోతుంది. మందు సీసా మీద తారీఖు ఉంటుంది. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. చదివి చూడండి. తారీఖు దాటితే వాడకండి.

ఒక్కసారి మందు వేస్తే గుడ్లన్నీ చావవు. అందుకే డాక్టరు మళ్లీ రమ్మంటారు. దురద తగ్గింది కదా అని మానేయకండి. ఇంట్లో రెండు కుక్కలుంటే రెండింటికీ ఒకేసారి వైద్యం చేయించండి.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

1. కుక్క పడుకునే గోనెసంచిని వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరవేయండి.
2. గజ్జి ఉన్న వేరే కుక్కల దగ్గరకు పోనివ్వకండి.
3. చెవుల్లో, కాలివేళ్ల మధ్య పిడుదులున్నాయేమో చూడండి. వాటిని వేళ్లతో నలపకండి.
4. కుక్కను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

గజ్జి కుక్క తప్పు కాదు. తరిమితే పోయేదీ కాదు. వైద్యం చేయిస్తే పోతుంది.

జవాబులు రాయండి

1. గజ్జి దేని వల్ల వస్తుంది?
2. పురుగుమందు ఎందుకు పూయకూడదు?
3. డాక్టరు మళ్లీ ఎందుకు రమ్మంటారు?
4. మీకు దగ్గరలో పశువుల ఆసుపత్రి ఏ ఊళ్లో ఉంది?

ఈ మాటలు చదివి రాయండి: గజ్జి, దురద, చర్మం, వైద్యం, మోతాదు, ఆసుపత్రి.