నిషేధ కాలమా, నిషేధ క్షేత్రమా? ఆంధ్ర తీరంలో మత్స్య సంపద రక్షణ

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవలు, మోటారు పడవలు వేట నిలిపివేస్తాయి. 2015కు ముందు 47 రోజులుగా ఉన్న ఈ విరామం ఆ సంవత్సరం నుండి 61 రోజులయింది. సముద్రతీరం లేని కె.కోటపాడు వంటి మెట్ట మండలంలోనూ దీని ప్రభావం కనిపిస్తుంది. విశాఖ రేవు నుండి వచ్చే వంజరం, చందువ అరుదై, చెరువు చేపల మీదనే ఆధారపడవలసి వస్తుంది. ఈ విరామం చేపల గుడ్లు పెట్టే కాలానికి రక్షణ అని సాధారణంగా చెబుతారు. అది కొంతవరకే నిజం. ఉష్ణమండల జలాల్లోని అనేక జాతులు ఒకే నెలలో కాక, విడతలు విడతలుగా చాలా నెలలపాటు గుడ్లు పెడతాయి. పైగా జూన్ 15న పడవలన్నీ ఒక్కసారిగా సముద్రంలోకి వెళ్లడంతో రెండు నెలల్లో పెరిగినదంతా కొద్ది వారాల్లోనే వలల పాలవుతుంది.

వేటకు కాలాన్ని కాక స్థలాన్ని మూసివేయడం రెండవ మార్గం. కొంత సముద్ర భాగాన్ని ఏడాది పొడవునా, ఏళ్ల తరబడి వేటకు దూరంగా ఉంచితే అక్కడ చేప ముదిరే అవకాశం ఏర్పడుతుంది. అసలు లాభం ఈ ముదరడంలోనే ఉన్నది. అట్లాంటిక్ కాడ్ జాతిలో 30 కిలోల తల్లిచేప ఒక్కటి విడిచే గుడ్లు, రెండేసి కిలోల తల్లిచేపలు 28 కలిసి విడిచే గుడ్ల కంటె ఎక్కువని 2018లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. ఆ 28 చేపల మొత్తం బరువు 56 కిలోలు. విత్తనానికి ఉంచిన గింజను తినకూడదన్న సూత్రం రైతుకు కొత్తది కాదు. అయితే గాదెలోని విత్తనానికి ఏళ్లు గడిచేకొద్దీ మొలక శక్తి తగ్గుతుంది. తల్లిచేపకు వయస్సుతో పాటు సంతాన శక్తి పెరుగుతుంది.

ఆంధ్ర తీరంలో ఇటువంటి క్షేత్రానికి దగ్గరగా చెప్పదగినది కాకినాడ సమీపంలోని కోరంగి అభయారణ్యం. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం గోదావరి ముఖద్వారపు మడ అడవులలో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉన్నది. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆటుపోట్ల వెంట మడ పాయలలోకి చేరి, వేళ్ల నడుమ మేతను, రక్షణను పొంది, ఎదిగిన తరువాత తిరిగి సముద్రానికి పోతాయి. మండపీత జీవితచక్రం కూడా ఇంచుమించు ఇటువంటిదే. అనగా బయటి సముద్రంలో ట్రాలు వలకు చిక్కే రొయ్యలో కొంత భాగం మడ అడవి పెంచి పంపినదే. ఇక్కడొక చిక్కున్నది. పాయలలో వేట మానుకోవలసినవాడు చిన్న నావ మీద బ్రతికే మత్స్యకారుడు. ఎదిగిన రొయ్యను పట్టుకొనేది మరపడవ యజమాని. నష్టం ఒకరికి, లాభం మరొకరికి దక్కే ఏర్పాటుకు స్థానికుల సహకారం ఎంతకాలం లభిస్తుందన్నది జీవశాస్త్రం జవాబు చెప్పలేని ప్రశ్న.

అన్ని జాతులకూ రక్షిత క్షేత్రం ఒకేలా ఉపకరించదు. రాతి నేలలను అంటిపెట్టుకొని ఉండే చేపలకు చిన్న క్షేత్రం చాలవచ్చు. గుంపులు గుంపులుగా వలస తిరిగే కానాగంతకు అది దారిలో ఒక మజిలీ మాత్రమే. హవాయి దీవుల వద్ద 2016లో సుమారు 15 లక్షల చదరపు కిలోమీటర్లకు విస్తరించిన రక్షిత ప్రాంతపు సరిహద్దు సమీపంలో పసుపు రెక్కల ట్యూనా దిగుబడి రేటు 54 శాతం పెరిగినట్లు 2022లో ఒక అధ్యయనం తేల్చింది. అంత విస్తీర్ణం మన తీరంలో ఊహకందదు.

రక్షణ కాగితం మీద ఉంటే ఫలితం కూడా కాగితం మీదనే ఉంటుంది. టాస్మేనియా శాస్త్రవేత్త గ్రాహం ఎడ్గర్ బృందం 87 రక్షిత ప్రాంతాలను పరిశీలించి 2014లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. వేట పూర్తిగా నిషిద్ధం కావడం, గట్టి నిఘా ఉండడం, పదేళ్లు దాటడం, వంద చదరపు కిలోమీటర్లకు మించడం, లోతైన నీటితోనో ఇసుకతోనో వేరుపడి ఉండడం అనే ఐదు లక్షణాలలో ఒకటి రెండు మాత్రమే ఉన్నవి 59 శాతం. వాటికీ, వేట సాగే చోట్లకూ మత్స్య సంపదలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. మన రాష్ట్రంలో 1994 నాటి సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం క్రింద తీరానికి 8 కిలోమీటర్ల లోపలి జలాలు సంప్రదాయ పడవలకు కేటాయించబడినవి. ఆ హద్దుకు సంబంధించిన రింగువలల వివాదంలో 2022 జనవరిలో విశాఖ తీరాన మత్స్యకారుల మధ్య ఘర్షణలు జరిగి, పడవలు దగ్ధమయినవి. నీటి మీద గీత గీయడం కంటె దానిని కాపాడడం ఎంత కష్టమో ఈ సంఘటన తెలుపుతుంది.

పడవల సంఖ్య తగ్గించకుండా కొంత స్థలాన్ని మూసివేస్తే, ఆ వేట మిగిలిన స్థలం మీదకు మళ్లుతుంది. లోపల పెరిగిన సంపద బయటి నష్టంతో చెల్లిపోవచ్చు. అందువల్ల ఈ తీరంలో రక్షిత క్షేత్రాన్ని ప్రతిపాదించేవారు దానిని 61 రోజుల విరామానికి బదులుగా కాక, పడవల నియంత్రణతో జోడించి ప్రతిపాదించడం సమంజసం. కోరంగి వంటి నర్సరీ ప్రాంతాలకు, రాతి నేలలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంటుంది.

ఫలితాన్ని అంచనా వేయడంలో విస్తరణ శాస్త్రవేత్తలకు క్షేత్ర ప్రయోగాల అనుభవం ఉపయోగపడుతుంది. ఎరువు వేసిన మడి ప్రక్కన వేయని మడి ఉన్నట్లే, మూసిన జలాలకు పోలికగా అదే లోతు, అదే నేల కలిగిన తెరిచిన జలాలను ఎంచుకోవాలి. రేవులో దిగిన టన్నుల లెక్కతో సరిపెట్టక, చేపల పొడవులను కొలవాలి. సగటు పొడవు పెరగడం, ముదురు చేపల వాటా హెచ్చడం టన్నుల కంటె ముందుగా కనిపించే గుర్తులు. ఈ కొలతలు మూసివేతకు కనీసం రెండు మూడేళ్ల ముందే రెండు చోట్లా మొదలు కావాలి. లేనిపక్షంలో ఆ తరువాత కనిపించే తేడా నిషేధం వల్ల వచ్చినదో, వర్షాలు, గోదావరి వరద వల్ల వచ్చినదో విడదీయడం సాధ్యం కాదు.