ట్రాక్టరు ట్రక్కును ఎన్నుకొను విధము

ట్రాక్టరును కొనదలచిన రైతు పదిమందిని విచారించిన గాని ధనము చెల్లింపడు. దాని అశ్వశక్తి యెంత, గంటకు ఎంత డీజిలు త్రాగును, విడిభాగములు ఎచ్చట దొరకును అని అన్నియు అడిగి తెలిసికొనును. దాని వెనుక తగిలించు ట్రక్కును కొనునపుడు మాత్రము రెండు ప్రశ్నలతో సరిపుచ్చును: ఎన్ని టన్నులు పట్టును? ఎంత ధరకు వచ్చును? ఈ రెంటికిని ముందుగా అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. నిండు బరువుతో వాలున దిగునపుడు ఈ బండి నిలుచునా? దీనికి సమాధానము దొరకకుండ ఏ సభ్యుడును ట్రక్కునకు బయానా ఇయ్యరాదని చెప్పుటయే ఈ పాఠము నుద్దేశము.

నర్సీపట్నము చుట్టుపట్ల రైతులకు ఈ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. పూర్వము ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర కర్మాగారములకు చెఱకు తరలిన దారులు మైదానపు దారులు. అనకాపల్లి బెల్లపు బజారునకు పోవు దారియు నట్టిదే. కాని వాయవ్య దిశను, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగికిని, అటుపై చింతపల్లికిని పోవు దారి మలుపులతో గూడిన ఘాట్ రోడ్డు. తాండవ కాలువ గట్లపై దారులు ఇఱుకైనవి, వర్షకాలమున జారునవి. మైదానమున నిరపాయముగ నడచిన ట్రక్కే ఘాటీలో ప్రాణాంతక మగును. మన సభ్యులు ఒకే ట్రక్కుతో ఈ మూడు విధములైన దారులను త్రొక్కుచున్నారు.

లాగు బలము, నిలుపు బలము

లాగు బలము వేఱు, నిలుపు బలము వేఱు. ఈ భేదమును లెక్కవేసి చూతము. ట్రాక్టరు బరువు 2 టన్నులు, ఖాళీ ట్రక్కు ఒకటిన్నర టన్నులు, అందలి సరకు నాలుగున్నర టన్నులు అనుకొందము. మొత్తము 8 టన్నులు. ట్రక్కునకు బ్రేకులు లేవు. నిలుపవలసిన భారమంతయు ట్రాక్టరు వెనుక చక్రములపై పడినది. ఆ చక్రములు నేలను అదుము బరువు సుమారు ఒకటింబావు టన్నులు. ఎంత మంచి తారుదారి యైనను, పొడిగా నున్నపుడు చక్రము తన్ను అదుము బరువులో సుమారు మూడింట రెండు వంతుల బలముతో మాత్రమే నేలను పట్టుకొనగలదు. అనగా మనకు లభించిన నిలుపు బలము ఇంచుమించు 800 కిలోలు.

ఇక పది అడుగులకు ఒక అడుగు దిగు వాలును తీసికొందము. అట్టి వాలుపై 8 టన్నుల బండిని క్రిందికి లాగు బలము ఎనిమిదింటిలో పదియవ వంతు, అనగా 800 కిలోలే. నిలుపు బలమును, జారు బలమును సరిసమానములు! డ్రైవరు రెండు కాళ్లతో పెడలును త్రొక్కినను బండి నిలువదు; వేగము పెరుగకుండుటయే గొప్ప. దారి తడిసియున్నను, గులకఱాళ్లు పరచియున్నను చక్రముల పట్టు తగ్గిపోవును. అప్పుడు ట్రక్కు ట్రాక్టరును వెనుకనుండి నెట్టి, అడ్డముగ త్రిప్పి, దారి ప్రక్కకు త్రోయును.

గేరు తగ్గించి ఇంజనుతో పట్టి దింపుదుమని కొందఱు చెప్పుదురు. ఎక్కిన గేరులోనే దిగుట మంచి యలవాటు. న్యూట్రలులో దిగుట ఆత్మహత్యతో సమానము. కాని ఇంజను పట్టు కూడ అవే వెనుక చక్రముల ద్వారమున నేలకు చేరవలెను గదా. ఆ చక్రములే జారినపుడు ఇంజను ఏమి చేయగలదు?

ట్రక్కునకు సొంత బ్రేకులున్నచో లెక్క మారిపోవును. అవి 6 టన్నుల ట్రక్కు బరువులో నాలుగవ వంతు బలముతో పట్టినను 1500 కిలోల నిలుపు బలము అదనముగ చేకూరును. అదే వాలుపై గంటకు 20 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఎనిమిది తొమ్మిది మీటర్లలో ఆగును. బ్రేకులు లేని బండి సమతలమున నైనను అదే వేగమునుండి ఆగుటకు సుమారు 16 మీటర్లు కావలెను. 30 కిలోమీటర్ల వేగమున నైనచో 35 మీటర్లు. వేగము సగమే హెచ్చినది. ఆగు దూరము రెండింతలు దాటినది. పశువో పిల్లవాడో దారి కడ్డము వచ్చినపుడు ఈ మీటర్ల విలువ తెలియును.

రెండు చక్రములా, నాలుగు చక్రములా?

ఎడ్లబండిని తోలినవారికి ఈ విషయము క్రొత్తగాదు. సరకు ముందునకు ఎక్కువ మొగ్గినచో కాడి ఎడ్ల మెడలను నొక్కును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచి ఎడ్ల గొంతులు బిగియును. రెండు చక్రముల ట్రక్కు ఎడ్లబండి వంటిదే. సరకులో కొంత బరువును ట్రాక్టరు హుక్కుపై మోపును. ఆ బరువు వెనుక చక్రములను నేలకు అదుమును గనుక, పట్టు కొంత పెరుగును. వెనుకకు త్రిప్పుటయు సులభము. అయితే సరకు ఇరుసునకు వెనుకగా చేరినచో ట్రక్కు హుక్కును పైకెత్తును; ట్రాక్టరు చక్రములు పట్టు కోల్పోవును; వేగమున ట్రక్కు తోకవలె ఇటునటు ఊగును. ముందు మరీ అధికముగ మోపినచో ట్రాక్టరు ముందు చక్రములు తేలిపోయి స్టీరింగు వినదు. కావున రెండు చక్రముల ట్రక్కునందు మొత్తము బరువులో పదియవ వంతునకు తగ్గకుండ హుక్కుపై పడునట్లు సర్దవలెను. ట్రాక్టరు పుస్తకమున వ్రాసిన హుక్కు భారమును మించరాదు.

నాలుగు చక్రముల ట్రక్కు తన బరువును తానే మోసికొనును. సరకు మొగ్గు విషయమున అంత చిక్కు లేదు. కాని ట్రాక్టరు చక్రములకు అదనపు అదుము ఏమియు లభింపదు. కావున నాలుగు చక్రముల ట్రక్కునకు సొంత బ్రేకులు మఱింత అవసరము. ఘాటీదారిన పోవువారికి, తక్కువ సరకు పట్టినను, బ్రేకులు గల రెండు చక్రముల ట్రక్కు మేలని మా అభిప్రాయము.

చిన్న యంత్రములను తరలించునపుడు

పవర్ టిల్లరును, నూర్పిడి యంత్రమును ఒక ఊరినుండి మఱియొక ఊరికి ట్రక్కుపై తీసికొని పోవుట ఇప్పుడు సామాన్యమైనది. ధాన్యపు బస్తాలు ట్రక్కునిండ పరచుకొనును. యంత్రము బరువంతయు ఒకే చోట పడును. కావున దానిని ఎచ్చట నిలిపితి మన్నదే ముఖ్యము. ఒక చిన్న లెక్క: ఇరుసునుండి హుక్కునకు 3 మీటర్లు, యంత్రపు బరువు 500 కిలోలు అనుకొందము. యంత్రపు బరువు కేంద్రము ఇరుసునకు 30 సెంటీమీటర్లు ముందుగా నున్నచో హుక్కుపై 50 కిలోలు పడును. అనగా పదియవ వంతు. అంతే దూరము వెనుకగా నున్నచో అదే 50 కిలోలు హుక్కును పైకెత్తును. జానెడు జాగాలో నిరపాయమును అపాయమును ఇమిడియున్నవి.

యంత్రమును ఎక్కించుటకు ముందు ట్రక్కును హుక్కునకు తగిలించి, చక్రములకు చెక్కదిమ్మలు అడ్డుపెట్టవలెను. లేనిచో యంత్రము వెనుకభాగమున ఎక్కగానే ముందుభాగము లేచి మనుష్యులను కొట్టును. ఎక్కించిన పిమ్మట నాలుగు మూలల నుండి గొలుసులతోనో, బలమైన పట్టీలతోనో బిగించి కట్టవలెను. కొబ్బరి త్రాడు సాగును. నైలాను త్రాడు ముడి జారును. కిలోమీటరు దూరము నడపి, దిగి, కట్లను మఱల బిగింపవలెను.

కొనునపుడు స్వయముగ చూడవలసినవి

1. బ్రేకులు. ఖాళీ ట్రక్కును ట్రాక్టరుతో లాగుచు ట్రక్కు బ్రేకును వేయింపుడు. ఇరువైపుల చక్రములు సమముగ పట్టవలెను. ఒకటి పట్టి రెండవది తిరిగినచో ఘాటీలో ఆ ట్రక్కు అడ్డము తిరుగును. నిలిపియుంచుటకు చేతిబ్రేకు వేఱుగ ఉండవలెను.

2. ముందుకడ్డీ అతుకులు. ట్రక్కు ముందునకు చాచిన కడ్డీయే సర్వభారమును లాగునది. పాత ట్రక్కులను అమ్మువారు క్రొత్త రంగు పూయుదురు. రంగు పగుళ్లను కప్పును. అతుకుల యొద్ద రంగును గీకి చూడుడు. పగులుపై మఱల అతికిన గుఱుతులున్నచో కొనకుడు.

3. పిన్నును గొలుసును. ఎడ్లబండి ఇరుసునకు చీల యెట్టిదో ట్రక్కునకు పిన్ను అట్టిది. రంధ్రమునకు సరిపోవు ఉక్కు పిన్ను, పైకి లేవకుండ క్లిప్పు, పిన్ను విఱిగినను ట్రక్కును విడువని గొలుసు, ఈ మూడును ఉండవలెను. దొరికిన ఇనుపచువ్వను దూర్చి నడుపు ఆచారము మానవలెను.

4. హుక్కు ఎత్తు. ట్రాక్టరు వెనుక ఇరుసు కంటె ఎత్తున ట్రక్కును తగిలింపరాదు. బరువు లాగునపుడు ట్రాక్టరు ముందు చక్రములు లేచి, యంత్రము డ్రైవరు మీదికే తిరుగబడును.

5. చక్రములు. జాకీతో ఎత్తి చక్రమును ఇటునటు కదపి చూడుడు. ఆడినచో బేరింగులు అరిగినవి. టైర్లన్నియు ఒకే కొలతవై యుండవలెను.

6. వెడల్పును ఎత్తును. చక్రముల నడుమ దూరము తక్కువై, తొట్టి ఎత్తైనకొలది బోల్తాపడు భయము హెచ్చును. చక్రముల నడుమ ఒకటిన్నర మీటర్లుండి, బరువు కేంద్రము నేలకు అంతే ఎత్తున నున్నచో సుమారు 27 డిగ్రీల ప్రక్కవాలు వఱకు నిలుచును. ఎత్తుగ గడ్డి వేసి ఆ కేంద్రమును 2 మీటర్లు దాటించినచో 20 డిగ్రీల వద్దనే పడిపోవును. గతుకులలో, మలుపులలో అంతకు ముందే పడును. కాలువగట్టుపై నడుచువారు దీనిని మఱువరాదు.

7. ఎత్తి ఒంపు తొట్టి యైనచో, పైకెత్తిన పిమ్మట దాని క్రింద నిలుపు ఇనుప ఆనుగఱ్ఱ ఉన్నదా యని చూడుడు. నూనె బలమును మాత్రము నమ్మి తొట్టి క్రింద తల దూర్పరాదు.

8. వెనుక దీపములు, ఎఱ్ఱని మెఱుపు బిళ్లలు. రాత్రి దారి ప్రక్క నిలిపిన ట్రక్కు వెనుకనుండి వచ్చు మోటారు సైకిలు వానికి గోడ వంటిది. దీపము లేని గోడ మృత్యువు.

9. కాగితములు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రక్కు కూడ రిజిస్టరు కావలెను. ట్రాక్టరునకు చేయించిన భీమా ట్రక్కునకు వర్తించునో లేదో పత్రమున చదివి తెలిసికొనుడు.

ట్రక్కు ఎంత మంచిదైనను ట్రాక్టరు పెడళ్ల విషయము మఱువరాదు. దుక్కిలో మలుపు కొఱకు కుడి యెడమ బ్రేకులను విడివిడిగ వాడుదుము. దారికెక్కునపుడు రెంటిని కలుపు కొక్కెమును తప్పక వేయవలెను. ఒక్క వైపు బ్రేకు పడినచో నిండు ట్రక్కు ట్రాక్టరును చుట్టివేయును.

మనుష్యుల నెక్కింపరాదు

ఇంత చెప్పియు ఒక్క మాట చెప్పకున్న ఈ పాఠము వ్యర్థము. ట్రక్కు సరకుల బండి. 2018 ఏప్రిల్ 6వ తేదీన నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలీలతో పోవు ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మరణించిరి. అదే సంవత్సరము జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. మరణించినవారిలో అధికులు పొలము పనికి బయలుదేరిన స్త్రీలు. తొట్టి తిరుగబడినపుడు లోని ధాన్యము నేలపాలగును. లోని మనుష్యులు దాని క్రిందనే చిక్కుదురు. నాట్లకాలమున కూలీలను త్వరగా చేర్చవలెనను తొందర మాకు తెలియును. ఆటో బాడుగ ఒక ప్రాణము కంటె ప్రియము కాదు.

సంఘము చేయదగిన పని

బ్రేకులు లేని ట్రక్కు చౌక. అందుచేతనే దానిని కొనుచున్నారు. బ్రేకుల కగు అదనపు వ్యయమును ఒక్క రైతు భరింపలేకున్న, నలుగురు కలిసి ఒక మంచి ట్రక్కును కొని, వంతులవారీగా వాడుకొనవచ్చును. ఏడాదిలో పెక్కుదినములు ట్రక్కు చెట్టుక్రింద ఊరకయే నిలిచియుండును గదా. అంతకంటెను ముఖ్యమైనది మఱియొకటి. ట్రక్కు కొఱకు సంఘమునుండి అప్పు కోరు ప్రతి దరఖాస్తుతో బ్రేకులు, గొలుసు, దీపములు కలవని తనిఖీ పత్రమును జతపఱచవలెనను నిబంధనను రాబోవు సర్వసభ్య సమావేశమున పెట్టుడని సభ్యులను కోరుచున్నాము. అప్పు తీర్చవలసిన వాడు బ్రతికి యుండవలెనని కోరుట సంఘమునకు న్యాయమే. ట్రక్కులను చూచి తనిఖీ చేయు పనికి, ఏ గ్రామమువారు పిలిచినను, మేము వచ్చుటకు సిద్ధముగ నున్నాము.