పిల్లలకు మాటలు ఆలస్యమైతే: ఇంటిలో చేయవలసినవి, చేయరానివి

మన పాలమూరు సీమలో గలగల మాట్లాడే బిడ్డను చూసి, "దీనికి మీ అవ్వ వస పోసిందా ఏంది?" అని నవ్వుతారు. వసపిట్ట అనే ముద్దుపేరు కూడ అందుకే వచ్చినది. మాట రాని బిడ్డకు వస పోయవలెనన్న నమ్మకం ఇంతగా పాతుకొని ఉన్నది కనుకనే, వైద్యుడనైన నేను చేసిన ఒక పొరపాటుతో ఈ వ్యాసం మొదలు పెట్టుచున్నాను.

వనపర్తి నుండి ఒక ఉపాధ్యాయ దంపతులు రెండేండ్ల బాలునితో నా వద్దకు వచ్చిరి. "అమ్మ" అన్న మాట కూడ లేదు. వెంట వచ్చిన అవ్వ, "వాళ్ల నాయినకు గూడ మూడేండ్లకే మాటలొచ్చినయి సారూ, వస అరగదీసి పోస్తనే ఉన్నం" అన్నది. బాలుడు చురుకుగా ఆడుకొనుచుండెను. నేను బ్రాహ్మీ ఘృతం వ్రాసి, ఆరు నెలలు చూద్దామంటిని. మరల వచ్చినప్పుడు వానికి వెనుకగా ఒక స్టీలు గ్లాసు గచ్చుపై పడినది. మేమందరమూ ఉలిక్కిపడితిమి. ఆ బిడ్డ మాత్రం తల త్రిప్పలేదు. పరీక్షలో రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపమని తేలినది. దంపతులది మేనరికం. ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే ఆరు నెలల కాలం వృథా అయ్యేది కాదు.

మాటకు మూలం చెవి

సుశ్రుతుడు నిదానస్థానంలో మూకత్వమును, ముక్కుతో మాట్లాడుటను, తడబడు మాటను ఒకేచోట చెప్పి, కఫముతో కూడిన వాయువు శబ్దవాహినీ ధమనులను ఆవరించుట వలన ఇవి కలుగునన్నాడు. శబ్దమునకు ఒక మార్గమున్నదనీ, దానికి అడ్డంకి కలిగితే మాట చెడుననీ గ్రహించిన చూపు అది. నేటి విజ్ఞానం దానికి ముందున్న మెట్టును కూడ చూపుచున్నది. బిడ్డ విన్నదానినే పలుకును, వినకపోతే పలుకదు.

పుట్టు చెవిటి బిడ్డ కూడ మొదటి నెలలలో "ఊ… ఊ…" అని ఊకొట్టును. అందుచేతనే తల్లిదండ్రులు మోసపోవుదురు. ఆరవ నెల దాటిన తరువాత ఆ ధ్వనులు పెరగక తగ్గిపోవుట గమనించవలెను. ఇంటిలో పళ్లెం మ్రోగించి పరీక్షించువారు ఎదుట నిలబడి మ్రోగిస్తారు. నీడను చూసియో, నేల అదురును బట్టియో బిడ్డ తిరుగును. అది వినికిడి కాదు సుమా! కనబడకుండా వెనుక నుండి మెల్లగా పిలిచి చూడండి. అయినను ఇంటి పరీక్షతో తృప్తి పడరాదు.

వయస్సు – మాట

- 6, 7 నెలలు: "బాబా, దాదా" వంటి ముద్దుపలుకులు.
- 12 నెలలు: పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూచుట, ఒకటి రెండు మాటలు.
- 18 నెలలు: కావలసినదానిని వేలితో చూపుట, కొన్ని విడి మాటలు.
- 2 సంవత్సరాలు: "పాలు తా", "నాయిన వచ్చె" వంటి రెండు మాటల కూర్పు.

కొన్ని వారాల తేడా సహజమే. కాని పేరుకు పలుకకపోయినా, ఏడాదిన్నరకు వేలు చూపకపోయినా, రెండేండ్లకు రెండు మాటలు కూర్చకపోయినా వేచి ఉండరాదు. వచ్చిన మాటలు పోయినచో ఏ వయస్సులోనైనను వెంటనే చూపించవలెను.

వస, తేనె, చెవిలో నూనె

అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో సారస్వత ఘృతం చెప్పబడినది. అందులో వస ఉన్నది. అయితే అది ఇతర ద్రవ్యములతో కలిపి, ఘృతముగా పక్వం చేసి, మాత్ర నిర్ణయించి ఇచ్చు ఔషధం. పచ్చి వసకొమ్మును సానపై అరగదీసి రోజూ నాకించుట అట్టిది కాదు. వసలో బీటా-అసరోన్ అను పదార్థమున్నది. ఎలుకలపై ప్రయోగాలలో అది కణుతులు కలిగించినందున అమెరికాలో 1968లోనే ఆహారంలో వసను నిషేధించిరి. శిశువులకు వాంతులు కూడ కావచ్చును. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు తగదు. బోట్యులిజం అను ప్రమాదకరమైన విషప్రభావం కలిగే అవకాశమున్నది. చెవి కారుచున్నప్పుడు వెల్లుల్లి నూనె పోయరాదు. ఏ ఔషధమైనను వినికిడి పరీక్షకు బదులు కాదని నేను అనుభవం మీద నేర్చుకొంటిని.

ఇంటిలో చేయవలసిన సాధన

1. అభ్యంగన సమయం: నూనె అంటునప్పుడు బిడ్డ ముఖం మీ ముఖమునకు ఎదురుగా ఉండును. "ఇది చేయి, ఇది బొజ్జ, ఇప్పుడు కాలు" అని నెమ్మదిగా చెప్పండి. ఇంతకంటె మంచి పాఠశాల లేదు.

2. పెంచి చెప్పుట: బిడ్డ "బువ్వ" అంటే "వేడి బువ్వ కావాలా? అవ్వ పెడుతుంది" అని ఒక మెట్టు పైకి చెప్పండి. తప్పు పలికితే వెక్కిరించక, సరైన మాటను మీరు పలికి ఊరుకొనండి.

3. వేచి ఉండుట: "జామకాయా? అరటిపండా?" అని రెండూ చూపి, మనసులో అయిదు లెక్కించండి. అడుగకముందే అన్నీ అందించే ఇంటిలో బిడ్డకు మాటతో పని ఉండదు.

4. పాట: అవ్వ పాడే చందమామ పాటలో చివరి మాట వద్ద ఆగండి. బిడ్డ పూరించును.

5. చేతిలో ఉన్న పని: గద్వాలలో మగ్గం ఉన్న ఇంట అంచు, కొంగు, దారం, రంగులు చూపండి. నాగర్‌కర్నూలు పల్లెలో మేక, ఎద్దు, చింతచెట్టు చూపండి.

6. భాష: గద్వాల పిల్లలు తెలుగు, ఉర్దూ, కన్నడం వింటూ పెరుగుదురు. రెండు భాషలు వినుట వలన మాట ఆలస్యం కాదు. మీకు సహజంగా వచ్చే భాషలోనే మాట్లాడండి. రాని ఇంగ్లీషుతో ముక్కలు ముక్కలుగా పలుకవద్దు.

7. టీవీ, సెల్‌ఫోను: రెండేండ్లలోపు బిడ్డకు వీటిని చూపుట తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. ఫోను పలుకును గాని బదులు వినదు.

ఎక్కడికి వెళ్లవలెను?

వినికిడి పరీక్ష ఒకటవ నెలలో, లోప నిర్ధారణ మూడవ నెలలో, చికిత్స ఆరవ నెలలో మొదలు కావలెనన్నది నిపుణుల నియమం. పసికందుకు సైతం ఓ.ఏ.ఇ., బెరా పరీక్షలు నొప్పి లేకుండ చేయుదురు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలోను, బడిలోను పిల్లలను పరీక్షిస్తారు. ఆశా కార్యకర్తను అడగండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రమున్నది. గద్వాల నుండి, వనపర్తి రోడ్ స్టేషను నుండి సికింద్రాబాదుకు నేరుగా రైలున్నది. చెవి బాగుండి చూపు కలపని, పేరుకు పలుకని బిడ్డను పిల్లల వైద్యునికి ప్రత్యేకంగా చూపించవలెను.

ఆ వనపర్తి బాలుడు నేడు వినికిడి యంత్రంతో బడికి పోవుచున్నాడు. మాటలో స్పష్టత ఇంకను కొంత తక్కువే. అవ్వ మాత్రం రోజూ వానిని ఎదుట కూర్చుండబెట్టుకొని పెదవులు చూపుతూ కథ చెప్పుచున్నది. మొన్న వచ్చినప్పుడు, "సారూ, వస కంటె ఇదే పని చేసింది" అన్నది. నా వద్దకు వచ్చే ప్రతి బిడ్డ వెనుక నేనిప్పుడు ముందుగా చేసే పని, చిన్నగా చిటిక వేయుట.